వంతెనకు కొత్త తొడుగు: పీచు కాంక్రీటు

వంతెన మీద వాహనాల చక్రాలు నేరుగా ఆనే పైపొర మందం మూడు అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. దాని కింద డెక్ స్లాబు, స్లాబు కింద గర్డర్లు, గర్డర్ల కింద బేరింగులు, స్తంభాలు, పునాదులు. మొత్తం వంతెన ఖర్చులో ఈ పైపొర వాటా చాలా తక్కువ. కానీ ఎండ, వాన, లారీ టైర్ల రాపిడి, బ్రేకుల ఒత్తిడి అన్నిటికంటే ముందు తగిలేది దానికే. ఇంజనీర్లు దీన్ని వేరింగ్ కోటు అంటారు. స్లాబు అరగకుండా తాను అరిగిపోయే పొర ఇది. అరిగాక తీసేసి మళ్లీ వేసుకోవాలి. అలా మళ్లీ వేసేటప్పుడు మామూలు తారుకో మామూలు కాంక్రీటుకో బదులు, పీచు కలిపి గుణం మార్చిన కాంక్రీటు వాడే పద్ధతి అరవై ఏళ్లుగా ప్రపంచంలో పెరుగుతూ వచ్చింది. గోదావరి, కొల్లేరుల మధ్య ప్రాంతానికి ఈ పద్ధతి ఎలా పనికొస్తుందో తెలియాలంటే, ముందు ఇక్కడి వంతెనలు ఎందుకు పాడవుతున్నాయో చూడాలి.

నీటి మధ్య నేల

ఆ ప్రాంతంలోని నల్లజర్ల మెట్ట నేల. అక్కడి నుంచి దక్షిణానికి దిగితే తాడేపల్లిగూడెం, ఆ తర్వాత డెల్టా, నైరుతిన ఏలూరు, దాని కింద కొల్లేరు. ఈ కొద్ది దూరంలోనే నీటి దారులు లెక్కలేనన్ని అడ్డు వస్తాయి. జంగారెడ్డిగూడెం వైపు నుంచి వచ్చే ఎర్రకాలువ నల్లజర్ల, తాడేపల్లిగూడెం ప్రాంతాల మీదుగా ప్రవహించి యనమదుర్రు డ్రెయిన్‌లో కలుస్తుంది. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు కొల్లేరులో పడతాయి. కొల్లేరు నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. వీటికి తోడు ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయలుదేరే పశ్చిమ డెల్టా కాలువలు, వాటి పిల్లకాలువలు, మురుగు కాలువలు ఉన్నాయి. ప్రతి రెండు మూడు ఊళ్లకు ఒక వంతెనో కల్వర్టో తప్పదు.

రోడ్ల మీద బరువూ తక్కువేమీ కాదు. చెన్నై-కోల్‌కతా రహదారికి చెందిన గుండుగొలను-దేవరపల్లి-కొవ్వూరు భాగం నల్లజర్ల మీదుగానే పోతుంది. ఆకివీడు, కైకలూరు, భీమవరం నుంచి చేపల లారీలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. ఐసు కరిగిన నీరు దారి పొడుగునా కారుతూనే ఉంటుంది. నాట్ల కాలంలో దమ్ము చక్రాలు తీయకుండానే ట్రాక్టర్లు రోడ్డెక్కితే ఆ ఇనుప రెక్కలు వంతెన పైపొరను గొడ్డలితో నరికినట్టు నరుకుతాయి.

ఈ ప్రాంతం మొత్తంలో పైపొర సమస్యను అందరి కళ్లకూ కట్టినట్టు చూపేది కొవ్వూరు-రాజమహేంద్రవరం మధ్య గోదావరి మీదున్న రోడ్డు-రైలు వంతెన. 1974లో రాకపోకలు మొదలైన ఈ వంతెనలో కింద రైలు, పైన రోడ్డు నడుస్తాయి. రోడ్డు భాగం పొడవు నాలుగు కిలోమీటర్ల పైమాటే. ఉక్కు ట్రస్సుల మీద పరిచిన డెక్ కావడంతో రైలు వెళ్లినప్పుడల్లా అది కదులుతుంది, ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పైపొర గుంతలు పడటం, జాయింట్లు ఊడటం, మరమ్మతు చేయడం, మళ్లీ కొన్నాళ్లకు అదే కథ మొదలవడం ఆ దారిన వెళ్లేవారికి అలవాటైపోయింది. 2023 సెప్టెంబర్ చివరి నుంచి మరమ్మతుల కోసం ఈ వంతెనను దాదాపు నెల రోజులు మూసేశారు. ఆ నెలంతా ఉద్యోగులు, విద్యార్థులు, ఆసుపత్రికి వెళ్లేవారు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. పైపొర ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఇంజనీర్ల లెక్కల్లో ఒక అంకె. నదికి రెండు వైపులా ఉన్న జనానికి అది రోజువారీ బతుకు.

పైపొర ఎందుకు ఓడిపోతుంది

పగుళ్లలోంచి దిగే నీరు వంతెనకు మొదటి శత్రువు. తారు పొర కింద నీరు నిలిస్తే లారీ వెళ్లిన ప్రతిసారీ ఆ నీటి మీద ఒత్తిడి పడుతుంది, తారుకూ కంకరకూ ఉన్న పట్టు విడిపోతుంది. గుంత మొదలయ్యేది అక్కడే. అక్కడి నుంచి నీరు స్లాబులోకి దిగి ఇనుప ఊచలను చేరుతుంది. మంచి కాంక్రీటు లోపలి క్షార గుణం ఊచలకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆ క్షారాన్ని మెల్లగా తగ్గిస్తుంది, ఉప్పులోని క్లోరైడు ఆ రక్షణను ఛేదిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము పూర్వం కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులూడుతుంది.

చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది పైనుంచి వంతెనలోకి దిగుతుంది. గోదావరి జిల్లాల్లో ఆ బెడద లేదు. అయితే ఉప్పుటేరు దిగువన, వేసవిలో సముద్రపు నీరు ఎదురెక్కే చోట్ల, ఉప్పునీటి రొయ్యల చెరువులున్న చోట్ల క్లోరైడు మరో దారిన వస్తుంది. మెట్టలోని నల్లజర్లకు ఎండ, వరద, బరువు శత్రువులు. కొల్లేరు దిగువకు ఆ మూడూ ఉన్నాయి, ఉప్పు అదనం. ఒకే మందు రెండు చోట్లా ఒకే మోతాదులో పనిచేయదు.

పాత పొర తీయకుండా దాని మీదే ఇంకో తారు పొర వేయడం మరో తప్పు. 20 మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పు ఉన్న ఒక స్పాను మీద కేవలం 25 మిల్లీమీటర్ల పొర అదనంగా పడితే సుమారు 9 టన్నుల బరువు పెరుగుతుంది. సరుకు నిండిన చిన్న లారీ ఒకటి ఎప్పటికీ దిగకుండా వంతెన మీదే నిలబడినట్టు లెక్క. పొర మీద పొర పడుతుంటే పక్క గోడల ఎత్తు తగ్గుతుంది, నీరు పోయే గొట్టాలు మూసుకుపోతాయి, జాయింట్లు పూడిపోతాయి.

తారు బదులు మామూలు కాంక్రీటు వేస్తే ఇంకో చిక్కు. కొత్త కాంక్రీటు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. పది మీటర్లకు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల దాకా. కింద ఉన్న పాత స్లాబు ముడుచుకోవడం ఏనాడో అయిపోయింది, అది కదలదు. కొత్త పొర కుదించుకోవాలని చూస్తుంది, పాతది పట్టి ఉంచుతుంది. కాంక్రీటుకు నొక్కుడును తట్టుకునే బలంలో లాగుడును తట్టుకునే బలం పదో వంతే. కనుక అది పగులుతుంది. వరి కోతలయ్యాక నీరు ఆరిన నల్లరేగడి చేను నెర్రెలు తీయడానికీ ఇదే కారణం. పొర ఎంత పలచనైతే ఆ ప్రమాదం అంత ఎక్కువ.

పీచు చేసే పని

ముడుచుకునే పదార్థం పగలకుండా పీచు కలపడం తెలుగు పల్లెలకు కొత్త విద్య కాదు. మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి ముక్కలు వేసి తొక్కేది ఇందుకే. గడ్డి మట్టిని పగలకుండా పూర్తిగా ఆపదు. పుట్టిన బీటను అక్కడే పట్టి ఉంచి గోడ పొడుగునా పాకనివ్వదు. కాంక్రీటులో పీచు చేసేదీ అదే పని. 1960ల్లో అమెరికాలో జేమ్స్ రోముఆల్డీ, ఆయన సహచరులు ఉక్కు తీగ ముక్కలు కలిపిన కాంక్రీటు మీద చేసిన పరిశోధనలతో ఇది ఆధునిక శాస్త్రంగా రూపుదిద్దుకుంది.

వంతెన పైపొరల్లో వాడే పీచు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది వెంట్రుక కంటే సన్నని పాలీప్రొపిలీన్ పీచు. పొడవు 12 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, ఘనపు మీటరు కాంక్రీటుకు కిలో లోపే చాలు. కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉన్న మొదటి గంటల్లో వచ్చే సన్న పగుళ్లను ఇది అడ్డుకుంటుంది. గట్టిపడ్డాక దాని పాత్ర స్వల్పం. రెండోది లావు ప్లాస్టిక్ పీచు. పొడవు నాలుగైదు సెంటీమీటర్లు, మోతాదు సాధారణంగా ఘనపు మీటరుకు మూడు నుంచి ఆరు కిలోలు. తుప్పు పట్టదు కనుక ఉప్పునీటి ప్రాంతాలకు అనువైనది. మూడోది ఉక్కు పీచు. చివరలు కొక్కెంలా వంగి ఉంటాయి, మోతాదు 20 నుంచి 40 కిలోలు. 35 మిల్లీమీటర్ల పొడవు, అర మిల్లీమీటరు పైచిలుకు మందం ఉన్న ఉక్కు పీచు కిలోకు సుమారు 15 వేల ముక్కలు తూగుతుంది. ఘనపు మీటరుకు 30 కిలోలు వేస్తే నాలుగున్నర లక్షల కుట్లు వేసినట్టు. మామూలు కాంక్రీటు పగిలిన క్షణాన రెండుగా విడిపోతుంది. పీచు కాంక్రీటు పగిలాక కూడా పట్టు వదలదు, ఆ పగులు కంటికి కనిపించనంత సన్నగా ఉండిపోతుంది. సన్నని పగుల్లోంచి నీరు దిగడం చాలా కష్టం. పైపొరకు కావలసింది అదే.

పీచు స్లాబులోని ఇనుప ఊచలకు బదులు కాదు. వంతెన బరువు మోసే పని ఊచలదే. పీచు పని పగులును పట్టి ఉంచడం, దెబ్బను తట్టుకోవడం, రాపిడికి ఓర్చడం.

గుణం మార్చడం అంటే

పీచు పగులును ఆపుతుంది. కాంక్రీటులోని సూక్ష్మ రంధ్రాలను మూయాలన్నా, పాత స్లాబుకు గట్టిగా అతికించాలన్నా సిమెంటు ముద్దలోనే మార్పు రావాలి. అందుకు రెండు దారులు ఎక్కువ వాడుకలో ఉన్నాయి.

ఒకటి లేటెక్స్. పాలలా తెల్లగా ఉండే స్టైరీన్-బ్యూటడైన్ ద్రవాన్ని కలిపే నీటికి తోడుగా పోస్తారు. ద్రవంలోని ఘన పదార్థం సిమెంటు బరువులో 15 శాతం వరకూ ఉంటుంది. కాంక్రీటు ఆరేకొద్దీ ఆ పాలలోని కణాలు ఒకదానికొకటి అంటుకుని రంధ్రాల గోడల మీద సన్నని పొరగా పరుచుకుంటాయి. నీరు దిగడం తగ్గుతుంది, పాత కాంక్రీటుతో అతుకు బలపడుతుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1950ల చివర్లో వంతెనల మీద మొదలైన ఈ పద్ధతి తర్వాత ఆ దేశమంతా పాకింది. మందం ఒకటింపావు నుంచి రెండు అంగుళాలు ఉంటే చాలు.

రెండోది సిలికా ఫ్యూమ్. సిలికాన్ మిశ్రలోహాల కొలిమి పొగ నుంచి పట్టే ఈ బూడిద రేణువు సిమెంటు రేణువులో సుమారు వందో వంతు ఉంటుంది. సిమెంటు బరువులో ఐదు నుంచి పది శాతం కలిపితే రంధ్రాలు పూడుకుపోయి కాంక్రీటు చిక్కబడుతుంది. అయితే ఈ కాంక్రీటులో పైకి ఊరే నీరు దాదాపు ఉండదు. పైభాగం త్వరగా ఎండి, పచ్చిగా ఉండగానే పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది. సన్న పీచు తోడు దీనికి అందుకే అవసరం.

భారతదేశంలో కేంద్ర రహదారుల శాఖ నిర్దేశాలు వంతెనల మీద కాంక్రీటు వేరింగ్ కోటుకు 75 మిల్లీమీటర్ల మందాన్ని, కనీసం ఎం-30 శ్రేణిని సూచిస్తాయి. పీచు కాంక్రీటు రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో ఎస్‌పి-46 పేరిట మార్గదర్శకాలు వెలువరించింది.

పని జరిగే క్రమం

మొదట రోగ నిర్ధారణ. స్లాబు మీద బరువైన ఇనుప గొలుసు ఈడ్చుకుంటూ నడుస్తారు. గట్టిగా ఉన్న చోట శబ్దం ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల చోట్లను సుద్దతో గుర్తిస్తారు. ఊచల తుప్పును విద్యుత్ పరీక్షతో, క్లోరైడును నమూనా పొడితో తేలుస్తారు. తుప్పు ఊచలను సగానికి తినేసిందని తేలితే పైపొర మార్చి లాభం లేదు. ముందు స్లాబునే బాగు చేయాలి.

తర్వాత పాత పొర తొలగింపు. తారు మొత్తం గీకేయాలి. చెడిపోయిన కాంక్రీటును ఊచల కింద దాకా తవ్వి తీయాలి. బరువైన బ్రేకర్లతో కొడితే మిగిలిన మంచి కాంక్రీటులోనూ సన్న పగుళ్లు పుడతాయి. అతి ఎక్కువ ఒత్తిడితో నీటిని చిమ్మి తొలగించే పద్ధతిలో ఆ నష్టం ఉండదు. చెడిన భాగం పోయి గట్టి భాగం గరుకుగా మిగులుతుంది. ఆ సౌకర్యం లేని చోట తేలికపాటి పనిముట్లతో తీసి, ఇసుక లేదా ఉక్కు గుళ్లు చిమ్మి గరుకు చేయాలి.

మూడోది శుభ్రం చేయడం, తడపడం. దుమ్ము, నూనె మరక, వదులు రాయి ఒక్కటి కూడా మిగలకూడదు. స్లాబును ముందు రోజు నుంచి తడిపి, కాంక్రీటు పోసే ముందు పైన నిలిచిన నీటిని తుడిచేయాలి. లోపల తడి ఉండాలి, పైన చెమ్మ మెరవకూడదు. ఎండిన స్లాబు కొత్త కాంక్రీటులోని నీటిని పీల్చేస్తుంది. నీరు నిలిచిన స్లాబు మీద అతుకు పలచబడుతుంది. పైపొర బతుకు ఎక్కువగా నిర్ణయమయ్యేది ఇక్కడే. ఎంత ఖరీదైన పీచు వేసినా, ఎంత లేటెక్స్ పోసినా, దుమ్ము మీద పోసిన కాంక్రీటు అట్టులా లేచిపోతుంది.

నాలుగోది కలపడం, పరవడం. పీచును ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. కొద్దికొద్దిగా చల్లుతూ తిప్పాలి. పీచు కలిశాక కాంక్రీటు బిగుసుకున్నట్టు కనిపిస్తుంది. అది చూసి నీళ్లు పోయడం పని స్థలాల్లో తరచూ జరిగే తప్పు. నీటిని తగ్గించే రసాయనంతోనే ఆ బిగువు సడలించాలి. ముందు కాంక్రీటులోని ముద్దను చీపురుతో స్లాబుకు రుద్ది, అది ఆరకముందే పైపొర పరిచి, వైబ్రేటరు బల్లతో చదును చేస్తారు. టైర్లు జారకుండా పైన గాట్లు తీస్తారు. జాయింట్ల మీదుగా కాంక్రీటు పరవకూడదు. వంతెన కదిలే చోటు కదలడానికే వదలాలి.

ఐదోది తడి నిలపడం. పోసిన అరగంటలోపే తడి గోనెపట్టాలు, వాటి మీద ప్లాస్టిక్ షీటు కప్పాలి. సిలికా ఫ్యూమ్ కాంక్రీటుకు కనీసం ఏడు రోజుల తడి కావాలి. లేటెక్స్ కాంక్రీటుకు మొదటి ఒకటి రెండు రోజులు తడి, ఆ తర్వాత గాలికి ఆరడం అవసరం. ఆరితేనే దాని లోపలి పొర అతుకుతుంది. చివరగా కొన్ని చోట్ల గుండ్రంగా కోసి, ఇనుప బిళ్ల అంటించి పైకి లాగి చూస్తారు. చదరపు సెంటీమీటరుకు 10 నుంచి 15 కిలోల లాగుడు తట్టుకుంటే అతుకు బాగా కుదిరినట్టు.

కాలువలు కట్టేసే కాలం

డెల్టాలో వంతెన పనులకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. రబీ ముగిశాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. కాలువల మీది పనులన్నీ ఆ కొద్ది వారాల్లోనే జరగాలి. పైపొర పోయడానికి అది ఏడాదిలోకెల్లా చెడ్డ కాలం. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, వడగాలి వీస్తుంది. చదరపు మీటరుకు గంటకు ఒక కిలో నీరు ఆవిరైతే పచ్చి కాంక్రీటు పగిలే ప్రమాదం ఎక్కువని ఇంజనీర్ల అనుభవం. మధ్యాహ్నపు వడగాలిలో ఆ హద్దు సులువుగా దాటుతుంది. లేటెక్స్ కాంక్రీటు అయితే 30 డిగ్రీలు దాటిన వేడిలో పరుస్తుండగానే మీగడ కట్టేస్తుంది.

దీనికి మార్గం పనిని రాత్రికి మార్చడమే. పొద్దుగుంకాక మొదలుపెట్టి తెల్లవారేలోపు ముగించాలి. కంకర కుప్పలను నీడలో ఉంచి తడపాలి, కలిపే నీటిలో ఐసు వాడాలి. చేపల లారీల కోసం ఊరూరా ఐసు ఫ్యాక్టరీలున్న ప్రాంతంలో అది దొరకని వస్తువు కాదు. పైపొర పని కాలువ నీటితో సంబంధం లేకుండా పైనుంచే జరుగుతుంది కనుక, గర్డర్లు, స్తంభాల పనులను కాలువలు కట్టేసినప్పుడు చేసి, పైపొరను నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యకు మార్చుకోవడం ఇంకా మంచిది.

రోడ్డు-రైలు వంతెన వంటి చోట మరో కష్టం ఉంది. పైన కాంక్రీటు గట్టిపడుతుండగా కింద రైళ్లు ఆగవు. కదిలే ఉక్కు మీద పలచని పొర నిలవాలంటే త్వరగా బలం పుంజుకునే మిశ్రమం, పగులును పట్టే పీచు, గట్టి అతుకు మూడూ కావాలి. బరువు కూడా పెరగకూడదు.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలోని సౌత్ డకోటాలో భారత సంతతి ఆచార్యుడు వి. రామకృష్ణన్ 1990ల్లో లావు ప్లాస్టిక్ పీచు కాంక్రీటును రోడ్ల మీద, వంతెన పైపొరల మీద పరీక్షించారు. స్విట్జర్లాండ్‌లో యూజెన్ బ్రూవిలర్ బృందం ఇంకా ముందుకు వెళ్లింది. అతి చిక్కని సిమెంటు ముద్దలో ఉక్కు పీచు దట్టించిన కాంక్రీటును 2004లో ఒక చిన్న వంతెన మీద వేసింది. అదే పద్ధతితో 2014-15లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న షియోఁ జంట వంతెనలను బాగు చేశారు. ఒక్కొక్కటి రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ వంతెనల మీద వేసిన పొర నాలుగు సెంటీమీటర్లే. ఆ పలచని పొర నీటిని ఆపడంతో పాటు లోపలి ఊచలతో కలిసి స్లాబుకు బలాన్నీ ఇచ్చింది. అమెరికాలోని అయోవా రాష్ట్రం 2016లో ఈ రకం పైపొరను వేసింది. ధర మామూలు కాంక్రీటుకు ఎన్నో రెట్లు. అందుకే మూసివేత వల్ల జనానికి పెద్ద నష్టం జరిగే పెద్ద వంతెనలకే అది తగినది.

ఎక్కడ ఏది

పల్లె కాలువ మీద చిన్న వంతెనకు అంత ఖరీదు అక్కర్లేదు. ఫ్లైయాష్ లేదా స్లాగ్ కలిసిన సిమెంటు, నీరు తగ్గించే రసాయనం, సన్న పీచు, నియమంగా తడపడం, ఇవి చాలు. లారీల ఒత్తిడి ఉన్న రహదారి వంతెనకు లావు పీచు లేదా ఉక్కు పీచుతో పాటు సిలికా ఫ్యూమ్ కావాలి. ఉప్పుటేరు దిగువన ఉప్పుగాలి తగిలే చోట ప్లాస్టిక్ పీచు మేలు. ఉక్కు పీచు పైభాగంలో తుప్పు పట్టి గోధుమ మరకలిస్తుంది. లోపలి పీచుకు పెద్దగా హాని జరగదు గానీ, మరక చూసి జనం కంగారు పడతారు. ఎర్రకాలువ వంటి పొంగే వాగుల మీద పైపొర కంటే ముందు పునాదుల దగ్గర నేల కోతను చూడాలి. 2024 జులైలో పొంగినట్టు ఆ కాలువ పొంగితే, స్తంభం కింద నేల కొట్టుకుపోయిన వంతెనను ఏ తొడుగూ కాపాడలేదు.

స్థానికంగా విద్యా వనరులూ ఉన్నాయి. 2015లో మొదలైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ తాడేపల్లిగూడెంలోనే ఉంది. ఈ నేల ఎండకు, ఇక్కడి ఇసుకకు, ఇక్కడి కంకరకు సరిపోయే పాళ్లను పరీక్షించి తేల్చగల ప్రయోగశాలలు కూతవేటు దూరంలో ఉండటం చిన్న సౌలభ్యం కాదు.

పైపొర వేశాక కూడా పని మిగిలే ఉంటుంది. వానాకాలానికి ముందు నీటి గొట్టాల్లో పేరుకున్న మట్టి తీయాలి, జాయింట్లలో ఇరుక్కున్న రాళ్లు ఏరాలి, ఏడాదికొకసారి గొలుసు ఈడ్చి డొల్ల చోట్లు వినాలి, కనిపించిన పగులును అప్పుడే పూడ్చాలి. దమ్ము చక్రాలతో వంతెన ఎక్కకుండా రైతులు చూసుకోవాలి. ఇంత జాగ్రత్త తీసుకుంటే, శుభ్రమైన స్లాబు మీద వేసి సరిగ్గా తడిపిన పీచు కాంక్రీటు పొర ఇరవై ఏళ్లకు పైగా తన కింది వంతెనను కాపాడగలదు.